రెండు నీలిమందులు: చిత్రాల రంగులను చదివే సాఫ్ట్‌వేర్ దేన్ని చెప్పగలదు, దేన్ని చెప్పలేదు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో నీలిమందు అన్న మాట రెండు వస్తువులకు చెల్లుతుంది. ఒకటి నీలిచెట్టు ఆకులను తొట్టెల్లో నానబెట్టి, పులియబెట్టి, చిలికి తీసే అద్దకపు రంగు; ఒకప్పటి మద్రాసు రాష్ట్రంలో కడప, నెల్లూరు జిల్లాల రైతులు దీన్ని విస్తారంగా పండించారు. రెండోది ఉతికిన తెల్లబట్టల పసుపు జీర తెలియకుండా జాడింపు నీళ్లలో కలుపుతూ వచ్చిన నీలం పొడి. ఇది మొక్క నుంచి వచ్చినది కాదు. 1820ల చివర ఫ్రాన్సులో తయారీ మొదలైన కృత్రిమ అల్ట్రామెరీన్. కొత్తగా పూసినప్పుడు రెండోది కాస్త ఊదా జీరతో మెరుస్తుంది కానీ, వెలగ బంకలో కలిసి, సుద్ద పూసిన గుడ్డ మీదికెక్కి, ఏళ్ల తరబడి దీపపు పొగను పీల్చుకున్న తరువాత ఈ రెండు నీలాలను కంటితో విడదీయడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. గుడ్డ మీద వేసే ఒక పటచిత్రంలో కృష్ణుడి ఒంటి నీలం వీటిలో ఏదో తేలితే దాని వెనుక మరొకటి తేలుతుంది: అల్ట్రామెరీన్ పొడి అయితే ఆ పూత 1820లకు ముందుది కాదు, చిత్రం అంతకన్నా పాతదైతే ఆ భాగాన్ని ఎవరో తరువాత దిద్దారు.

పేర్లను నమ్ముకుంటే ఈ చిక్కు విడదు. ఒడియా చిత్రకారుల వాడుకలో రామరజ అంటే నీలం. ఉత్తరాది గోడచిత్రాల పనివాళ్ల నోట అదే మాట పసుపు మట్టికి పేరు. తెలుగువాళ్ల జేగురు (ఎర్రమట్టి రంగు) ఒడియాలో గేరు, ఇంగిలీకం (పాదరసపు ఎరుపు) హింగుళ, హరిదళం (ఆర్సెనిక్ పసుపు) హరితాళ. 1936లో ఒడిశా ఏర్పడి ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రం నుంచి విడివడినా బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ రెండు భాషలూ ఒకే వీధిలో నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి పాత చిత్రం గురించి పెద్దవాళ్లు చెప్పిన రంగు పేరు ఏ వస్తువుకు చెందినదో ఆ మాట ఒక్కదాన్ని పట్టుకుని నిర్ణయించలేము. వెలుగును సన్నని పట్టీలుగా కోసి ఫోటోలు తీసే మల్టీస్పెక్ట్రల్ ఇమేజింగ్, దాని వెంట నడిచే సాఫ్ట్‌వేర్, పేరును పక్కన పెట్టి వస్తువునే అడిగే పద్ధతి. అయితే అది ఇచ్చే జవాబు చాలామంది ఊహించుకునే తరహా జవాబు కాదు. సాఫ్ట్‌వేర్ ఏ రంగుకూ తానై పేరు పెట్టదు. ఈ మచ్చ మీరు చూపించిన ఫలానా నమూనాకు ఇంత దగ్గరగా ఉంది అని మాత్రమే చెబుతుంది. నమూనా ఎవరిది, ఏ జిగురులో కలిపినది, ఏ నేల మీద పూసినది అన్న దాని మీదే జవాబు విలువ ఆధారపడి ఉంటుంది. సరిహద్దు జిల్లాల చిత్రాల విషయంలో ఇది అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి.

కంటికి రంగు అన్నది మూడు కొలతల కలయిక. ఫోన్ కెమెరా కూడా ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలనే రాసుకుంటుంది. 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు పరుచుకున్న వెలుగునంతా మూడు సంఖ్యల్లోకి కుదించినప్పుడు, వేర్వేరు వస్తువులు ఒకే మూడు సంఖ్యల దగ్గర కలుసుకోవడం తప్పదు. బరంపురం పట్టుచీరకు కొట్టులోని లైటు కింద సరిగ్గా కలిసిందనుకున్న జాకెట్టు గుడ్డ వీధిలో ఎండకు తేడాగా కనిపించడం ఇక్కడి ఆడవాళ్లందరికీ అనుభవమే. రెండు అద్దకాలు ఒక వెలుతురులో ఒకే మూడు సంఖ్యలను ఇచ్చాయి, వెలుతురు మారగానే విడిపోయాయి. పాత చిత్రాల్లోని రెండు నీలాల సంగతీ ఇంతే. వాటిని విడదీయాలంటే వెలుగును మూడు ముక్కలుగా కాకుండా ఇంకా సన్నగా కోయాలి, కన్ను చూడలేని మేరకు కూడా వెళ్లాలి.

ఆ మేర మామూలు డిజిటల్ కెమెరాలోనే దాగి ఉంది. దాని సిలికాన్ సెన్సర్ సుమారు 350 నుంచి 1100 నానోమీటర్ల వరకు స్పందిస్తుంది. ఫోటోల్లో రంగులు చెడిపోకుండా తయారీదారులు సెన్సర్ ముందు పరారుణ కిరణాలను ఆపే అద్దపు పలక బిగిస్తారు. ఆ పలకను తీయించి, లెన్సు ముందు వెలుగులో ఒక్కొక్క సన్నని పట్టీని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్లను వరుసగా మారుస్తూ ఒకే చోటి నుంచి పది, పన్నెండు ఫోటోలు తీస్తే అదే మల్టీస్పెక్ట్రల్ చిత్రాల దొంతర. దీపం విషయంలో జాగ్రత్త అవసరం. ఇళ్లలో వాడే తెల్ల ఎల్‌ఈడీ బల్బులో పరారుణం దాదాపు ఉండదు కనుక అది పనికిరాదు. హాలోజన్ దీపంలో పుష్కలంగా ఉంటుంది కానీ వేడి ఎక్కువ, దగ్గరగా పెడితే జిగురు రంగు పొరకు హాని. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో 12 పట్టీలు తీసి, పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున దాచితే ఒక్క దృశ్యానికే 576 మెగాబైట్లు అవుతాయి. ఒక గోడను ముక్కలు ముక్కలుగా తీస్తే ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ మొదట చేసే పని రంగును గుర్తించడం కాదు, వచ్చిన ఫోటోలను కొలతలుగా మార్చడం. మూత పెట్టి తీసిన చీకటి ఫోటోను ప్రతి పట్టీ నుంచి తీసివేస్తుంది. ఆ తరువాత అదే వెలుతురులో తీసిన తెల్ల పలక ఫోటోతో భాగిస్తుంది. దీంతో దీపం ఒక మూల ఎక్కువగా, మరో మూల తక్కువగా పడిన తేడా, సెన్సర్ ఒక్కో పట్టీకి ఒక్కోలా స్పందించే తేడా రెండూ పోయి, ఆ బిందువు తన మీద పడిన వెలుగులో ఎన్నో వంతు వెనక్కి పంపిందో చెప్పే అంకె మిగులుతుంది. ప్రయోగశాలల్లో ఈ తెల్ల పలకకు స్పెక్ట్రలాన్ వాడతారు. అది పడిన వెలుగులో 99 శాతం దాకా తిప్పికొడుతుంది. దాని ముడిసరుకు టెఫ్లాన్ జాతిదే కాబట్టి, కుళాయి బిగించేటప్పుడు చుట్టే తెల్ల టేపును చదునైన బల్ల మీద పొరలు పొరలుగా పరచి తాత్కాలికంగా వాడుకోవచ్చు. పల్లెల్లో వోల్టేజి ఊగుతుంటే హాలోజన్ దీపం రంగు కూడా ఊగుతుంది. అలాంటి చోట తెల్ల పలకను ఉదయం ఒకసారి తీసి రోజంతా దానితోనే సరిపెట్టడం కొలతను పాడుచేసుకోవడమే. ప్రతి పట్టీలోనూ తెల్ల పలక ఫ్రేములో ఒక అంచున ఉండేలా పెట్టుకోవడం మేలు.

తరువాతిది దొంతరను సరిచేయడం. పరారుణ కాంతికి లెన్సు ఫోకస్ కొంచెం వేరే చోట పడుతుంది, దానితో పాటు చిత్రం పరిమాణం కూడా వెంట్రుక వాసి మారుతుంది. ఒక పట్టీలోని పిక్సెల్ మరొక పట్టీలోని అదే బిందువు మీద కూర్చునేలా సాఫ్ట్‌వేర్ గుర్తులు వెతికి, చిత్రాలను సాగదీసి, తిప్పి పొందిస్తుంది. పటచిత్రాలకు ఈ మెట్టు ప్రాణం వంటిది. వాటిలో ప్రతి బొమ్మ చుట్టూ సన్నని నల్ల గీత ఉంటుంది. కంటిరెప్ప, వేలి గోరు, గాజుల వరుస అన్నీ ఆ గీతతోనే పూర్తవుతాయి. రెండు పిక్సెళ్ల పొరపాటు జరిగినా ఒక పట్టీలో నలుపు, మరో పట్టీలో పక్కనున్న పసుపు ఒకే బిందువు లెక్కలోకి చేరి, ఏ చిత్రకారుడూ వాడని మూడో వస్తువు పుడుతుంది. బొమ్మల అంచుల వెంబడి మాత్రమే పాకే కొత్త రంగును సాఫ్ట్‌వేర్ కనిపెట్టినట్లు తెర మీద చూపితే, సంతోషపడక ముందు పొందికను పెద్దది చేసి చూడాలి.

ఇప్పుడు రెండు నీలిమందుల దగ్గరికి రావచ్చు. సంరక్షకులు ఎక్కువగా వాడే పద్ధతి పరారుణ కృత్రిమ వర్ణచిత్రం. మామూలు ఫోటోలోని ఆకుపచ్చ భాగాన్ని నీలం స్థానంలోకి, ఎరుపు భాగాన్ని ఆకుపచ్చ స్థానంలోకి జరిపి, ఖాళీ అయిన ఎరుపు స్థానంలో పరారుణ ఫోటోను కూర్చోబెడతారు. పరారుణాన్ని తిప్పికొట్టే నీలం ఇందులో ఎర్రగా కనిపిస్తుంది, పరారుణాన్ని మింగే నీలం నల్లగానో ముదురు నీలంగానో ఉండిపోతుంది. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ ఈ రెండో జాతిది. రాగి నుంచి వచ్చే అజురైట్ కూడా అంతే. కాబట్టి ఆ రెండూ వెంటనే పక్కకు తప్పుకుంటాయి. చెట్టు నీలిమందు, బట్టల నీలిమందు మాత్రం రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. తెలుగు మాట ఎక్కడ తడబడిందో ఈ పద్ధతి కూడా సరిగ్గా అక్కడే తడబడుతుంది.

విడదీసేది ఒక్క సన్నని పట్టీ. చెట్టు నీలిమందు 650, 660 నానోమీటర్ల ప్రాంతంలో వెలుగును ఎక్కువగా మింగి, 700 దాటిన తరువాతే ఒక్కసారిగా తెల్లబడుతుంది. అల్ట్రామెరీన్ మింగుడు 600 దగ్గరే గరిష్ఠానికి చేరి, 700 వచ్చేసరికి అది చాలావరకు తేలిపోయి ఉంటుంది. అంటే 700 నానోమీటర్ల ఫిల్టర్‌తో తీసిన బూడిదరంగు ఫోటోలో మొదటి నీలం ఇంకా చీకటిగా, రెండోది వెలుగుగా కనిపిస్తుంది. 800 దగ్గర తీసిన ఫోటోలో రెండూ వెలుగే. ఆ రెండు ఫోటోలను పక్కపక్కన పెడితే సాఫ్ట్‌వేర్ లెక్కలేవీ లేకుండా కూడా తేడా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ చేసేదల్లా ఆ చూపును ప్రతి పిక్సెల్‌కూ విస్తరించి, తేడా ఎంతో అంకెగా రాయడం. ఫిల్టర్ల పెట్టె కొనేవారు పట్టీల లెక్కను చూసి మురిసిపోకుండా, తాము వెతికే రంగులు ఎక్కడ విడిపోతాయో అక్కడ పట్టీ ఉందో లేదో చూసుకోవాలన్నది దీని నుంచి తేలే విషయం. 700 దగ్గర ఖాళీ వదిలిన 12 పట్టీల కన్నా ఆ ఒక్కటి ఉన్న 6 పట్టీలు ఈ ప్రశ్నకు ఎక్కువ సాయపడతాయి.

ఎరుపుల్లో పని కొంత సులువు. ఇంగిలీకం, అంటే పాదరసపు గంధకం, 600 నానోమీటర్ల దగ్గర నిట్టనిలువుగా పైకి లేస్తుంది. సిందూరం, అంటే సీసపు ఎరుపు, అంతకు ముందే 565 ప్రాంతంలో లేస్తుంది. జేగురు నెమ్మదిగా లేచి, 850 ప్రాంతంలో మళ్లీ పల్లంలోకి దిగుతుంది, ఎందుకంటే అందులోని ఇనుము ఆక్సైడ్ అక్కడ వెలుగును మింగుతుంది. హరిదళానికీ పసుపు మట్టికీ మధ్య కూడా ఇదే ఇనుప పల్లం సాక్ష్యం: మట్టిలో ఉంటుంది, హరిదళంలో ఉండదు. ఆకుపచ్చలు మాత్రం మోసం చేస్తాయి. హరిదళంలో నీలిమందు కలిపి చేసిన పచ్చ పరారుణ కృత్రిమ వర్ణచిత్రంలో ఎరుపు వైపు, రాగి పచ్చ నీలం వైపు మళ్లుతాయి కాబట్టి మొదట్లో తేలికగానే విడిపోతాయి. కానీ హరిదళం ఆర్సెనిక్ గంధకం. వెలుతురు తగిలి తగిలి అది తెల్లబారుతుంది. అప్పుడు ఒకనాటి పచ్చని ఆకు నీలంగా మిగులుతుంది, సాఫ్ట్‌వేర్ అక్కడ నీలిమందు అని నిజాయితీగానే రాస్తుంది, చూసేవారు చిత్రకారుడు చెట్టుకు నీలి ఆకులు వేశాడని పొరబడతారు. అలాంటి చోట మూలకాలను గుర్తించే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరికరాన్ని పెడితే రంగు పోయినా అక్కడే మిగిలిన ఆర్సెనిక్ బయటపడుతుంది. మల్టీస్పెక్ట్రల్ చిత్రం ఇచ్చేది అనుమానాల పటం. ఏ చుక్క మీద అసలు పరీక్ష చేయాలో అది చూపిస్తుంది, చిత్రాన్ని గీకి నమూనా తీయవలసిన చోట్లను రెండు మూడుకు తగ్గిస్తుంది. ఆ తగ్గింపే దాని గొప్ప మేలు.

తెలుపులకు అతినీలలోహిత దీపం కావాలి. చీకటి గదిలో 365 నానోమీటర్ల కాంతి వేసి, వస్తువు తిరిగి వెలిగే వెలుగును ఫోటో తీస్తారు. 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చిన జింకు తెలుపు పచ్చని పసుపుతో మెరుస్తుంది, 20వ శతాబ్దపు టైటానియం తెలుపు ఆ కాంతిని మింగేసి చీకటిగా ఉంటుంది. పటచిత్రానికి నిగారింపు కోసం పూసిన లక్క నారింజ రంగులో వెలుగుతుంది. శంఖాన్ని నూరి చేసిన తెలుపు మధ్యలో డబ్బా తెలుపుతో దిద్దిన మరమ్మతు మామూలు వెలుతురులో కనిపించకపోయినా ఈ దీపం కింద దాగదు. ఈ కాంతి కంటికీ చిత్రానికీ రెండింటికీ చెరుపు చేసేదే కనుక అద్దాలు పెట్టుకోవాలి, దీపాన్ని నిమిషాల్లో ఆర్పాలి.

పిక్సెళ్లను నమూనాలతో పోల్చే లెక్కల్లో బాగా వ్యాపించినది స్పెక్ట్రల్ యాంగిల్ మ్యాపర్. ఇది చిత్రకళ కోసం పుట్టలేదు. విమానాల నుంచి, ఉపగ్రహాల నుంచి తీసిన చిత్రాల్లో కొండల మీది ఖనిజాలను గుర్తించడానికి 1990ల మొదట్లో తయారైంది. కోరాపుట్ కొండల ఎర్రమట్టిలో ఆ లెక్క వెతికే ఇనుము ఆక్సైడే జేగురుగా గోడ మీదికి వచ్చింది కాబట్టి ఈ అరువు అసహజం కాదు. లెక్క సూటిగా ఉంటుంది: 12 పట్టీల అంకెలను ఒక దిక్కు చూపే బాణంగా భావించి, పిక్సెల్ బాణానికీ నమూనా బాణానికీ మధ్య కోణం కొలుస్తారు. మూడు పట్టీల్లో 0.2, 0.4, 0.6 ఉన్న బిందువుకూ 0.1, 0.2, 0.3 ఉన్న బిందువుకూ కోణం సున్నా, ఎందుకంటే రెండోది మొదటిదాని నీడ మాత్రమే. గోడ మెలిక తిరిగిన చోట, స్తంభం నీడ పడిన చోట ఇది వరం. అయితే ఇదే గుణం పటచిత్రం దగ్గర దోషమవుతుంది. అన్ని పట్టీల్లోనూ 0.9 ఉన్న శంఖపు తెలుపుకూ, అన్ని పట్టీల్లోనూ 0.04 ఉన్న కాటుక నలుపుకూ మధ్య కూడా కోణం సున్నాయే! ప్రకాశాన్ని విడిగా ఒక హద్దుగా పెట్టకుండా ఈ లెక్కను నడిపితే దేవుడి కనుపాప, దాని చుట్టూ ఉన్న తెలుపు ఒకే వస్తువుగా తేలుతాయి. సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి ఇచ్చిన అంకెలతో సరిపెట్టుకోకూడదనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అవసరం లేదు.

ఇక మిశ్రమాలు. వెలుగుల్లాగా రంగుపొడులు కలవవు. సగం తెలుపు, సగం నలుపు కలిపితే సగం ప్రకాశం రాదు, అంతకన్నా చాలా ముదురు వస్తుంది. 1931లో కుబెల్కా, ముంక్ అనే ఇద్దరు దీనికి ఒక సూత్రం ఇచ్చారు: 1 నుంచి ప్రతిఫలనాన్ని తీసివేసి, వచ్చినదాన్ని వర్గం చేసి, రెండింతల ప్రతిఫలనంతో భాగిస్తే వచ్చే అంకె మింగుడుకూ చెదరగొట్టడానికీ ఉన్న నిష్పత్తి. సగం వెలుగు తిప్పికొట్టే పూతకు అది 0.25, పదో వంతు తిప్పికొట్టే పూతకు 4.05. మిశ్రమంలో కలిసేవి ఈ అంకెలే కాబట్టి చిటికెడు కాటుక చెంబెడు తెలుపును ఎందుకు ముంచేస్తుందో అర్థమవుతుంది. పూత తగినంత మందంగా, కింది నేల కనిపించకుండా ఉన్నప్పుడే సూత్రపు ఈ రూపం నిలుస్తుంది. పల్చటి పూతల్లో కింది సుద్ద కూడా లెక్కలోకి వస్తుంది.

గోడల దగ్గరికి వస్తే పొగ సమస్య ముందు నిలుస్తుంది. గంజాం జిల్లా బుగుడలో ఘుముసర భంజ రాజులు 18వ శతాబ్దం చివర కట్టించిన బిరంచినారాయణ ఆలయంలో జగమోహనం (గర్భగుడి ముందరి మండపం) గోడల మీద రామాయణ ఘట్టాలున్నాయి. ఇలాంటి గుడి గోడల గురించి మాట్లాడేటప్పుడు పరారుణం పొగ పొరను చీల్చుకుని లోపలి బొమ్మను చూపిస్తుందన్న మాట తరచు వినిపిస్తుంది. అది సగమే నిజం. నూనె ఆవిరి, కర్పూరం, ధూపం వల్ల చేరిన గోధుమరంగు జిడ్డు పరారుణంలో చాలావరకు పారదర్శకమవుతుంది. కానీ దీపపు మసి కర్బనం, కర్బనం పరారుణాన్ని కూడా మింగుతుంది. చిత్రకారుడు నల్ల గీతకు వాడినది దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన కాటుకే. గర్భగుడి దీపం రెండు వందల ఏళ్లుగా గోడకు పూస్తూ వచ్చిందీ అదే వస్తువు. గీత చిక్కగా, మసి పల్చగా ఉన్నంతవరకే ఒకటి రెండోదాని నుంచి విడివడి కనిపిస్తుంది. మసి మందంగా పట్టిన చోట ఏ సాఫ్ట్‌వేర్ కూడా గీతను బయటికి లాగలేదు, లాగినట్లు చూపితే అది పిక్సెళ్ల వైరుధ్యాన్ని పెంచి గీసిన ఊహ.

రాయగడ జిల్లా పుట్టాసింగి వైపు లంజియా సవరల ఇళ్లలోని ఇడితాల్ బొమ్మలది మరో దారి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, చివర నలగ్గొట్టిన పుల్లతో వేసే ఆ బొమ్మల్లో వస్తువులు రెండో మూడో మాత్రమే, కనుక రంగులను విడదీయడం పెద్ద పని కాదు. పిండిని సుద్ద నుంచి వేరు చేసే గుర్తులు మాత్రం 1100 నానోమీటర్లు దాటాకే గట్టిగా కనిపిస్తాయి. సిలికాన్ కెమెరా అక్కడిదాకా పోదు, వేరే జాతి సెన్సర్ కావాలి. అంతకన్నా ముఖ్యం, ఇడితాల్ అలంకారం కాదు, పూర్వులకూ దేవతలకూ ఇల్లు. ఇంటివారూ, ఆ పూజ చేసే కుడానూ ఒప్పుకోకుండా ఆ గోడ ముందు దీపాలు నిలబెట్టడం ఏ పరిశోధన పేరుతోనైనా తప్పే. ఒప్పుకున్నా, తీసిన చిత్రాలు ఎవరి దగ్గర ఉండాలో ముందే మాట్లాడుకోవాలి.

పనిముట్లకు కొరత లేదు. లండన్ నేషనల్ గ్యాలరీలో 1989లో మొదలైన వాసారి ప్రాజెక్టు నుంచి పెరిగిన చిత్రాల సాఫ్ట్‌వేర్ విప్స్, దాని ముఖంగా పనిచేసే నిప్2 ఉచితంగా దొరుకుతాయి. వాటి మీద ఆధారపడి బ్రిటిష్ మ్యూజియం నిపుణులు 2013లో మల్టీస్పెక్ట్రల్ చిత్రాలను సరిచేసే పద్ధతిని పూర్తి మార్గదర్శినిగా ఇచ్చారు. ఇమేజ్‌జె, స్పెక్ట్రల్ పైథాన్ కూడా ఉచితమే. కృత్రిమ వర్ణచిత్రం వరకైతే గింప్ చాలు. ఏది వాడినా సరిచేయని అసలు ఫోటోలు, చీకటి ఫోటోలు, తెల్ల పలక ఫోటోలు 16 బిట్ టిఫ్ రూపంలో విడిగా దాచి ఉంచాలి. తెర మీద రంగురంగులుగా కనిపించే తుది పటం ఈనాటి లెక్కకు చెందినది. అసలు ఫోటోలుంటే పదేళ్ల తరువాత మరొకరు మెరుగైన లెక్కతో మళ్లీ మొదలుపెట్టగలరు, జేపెగ్ ఒక్కటే మిగిలితే మొదలుపెట్టలేరు.

కొరత నమూనాలది. బయట దొరికే నమూనా పట్టికలు ఎక్కువగా యూరప్ చిత్రాలను మనసులో పెట్టుకుని చేసినవి. వాటిలోని ఇంగిలీకం వర్ణపటం ఇక్కడా పనికొస్తుంది, ఎందుకంటే పాదరసపు గంధకం ఎక్కడైనా ఒకటే. కానీ నూరుడు మారితే, జిగురు మారితే ముదురుదనం మారుతుంది. రేణువు సన్ననైన కొద్దీ ఇంగిలీకం పాలిపోతుంది. చింతగింజల జిగురుతో అంటించిన గుడ్డ పొరల మీద సుద్ద పూసి, రాయితో నునుపు చేసి, వెలగ బంకలో కలిపి వేసిన హరిదళం ఎలా ఉంటుందో లిన్సీడ్ నూనెలో కలిపిన హరిదళం చెప్పలేదు. పరాయి పట్టికతో పోల్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఉన్నవాటిలో దగ్గరిదాన్ని ఎంచుకుంటుంది. సరైనది అసలు పట్టికలోనే లేదని దానికి తెలియదు. తెలియదు అన్న జవాబు రావాలంటే కోణానికి గట్టి హద్దు పెట్టాలి, ఆ హద్దు దాటిన పిక్సెళ్లను పేరు లేకుండా వదిలేయాలి. పేరు లేని పిక్సెళ్లు ఎక్కువగా ఉన్న పటమే ఇప్పటికి నమ్మదగినది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాషకు నిఘంటువు కట్టినప్పుడు వేరే భాషల పదకోశాల్లో సవర మాటలకు దగ్గరివి వెతకలేదు. మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టుకుని వాళ్ల నోటి నుంచే రాసుకున్నారు. రంగులకు కూడా అదే దారి. పని చేస్తున్న చిత్రకారుల దగ్గర హింగుళ, హరితాళ, గేరు, శంఖం, కాటుక, రెండు నీలిమందులు ఎలా నూరుతారో, ఎంత బంక కలుపుతారో అడిగి, వాళ్ల చేతులతోనే పూయించాలి. హింగుళ పాదరసం, హరితాళ ఆర్సెనిక్ కాబట్టి పొడిగా కాకుండా నీళ్లతో నూరడం, చేతులకు తొడుగులు వేసుకోవడం మరవకూడదు. ఒక్కొక్క రంగు మూడు మందాల్లో, విడిగా ఒకసారి, శంఖపు తెలుపు కలిపి ఒకసారి, కాటుక కలిపి ఒకసారి, సగానికి లక్క పూసి సగం వదిలి. అలా చేసిన పటాలు రెండు ఉంటే ఒకటి చీకటి పెట్టెలో, ఒకటి కిటికీ వెలుతురులో పెట్టి ఏడాదికోసారి కొలవచ్చు. హరిదళం ఎంత వేగంగా తెల్లబడుతుందో అప్పుడు ఈ నేల మీదే తెలుస్తుంది. బరంపురంలో 1967 నుంచి విశ్వవిద్యాలయం ఉంది, కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. వర్ణపటమాపకంతో ఒక పటాన్ని కొలవడం సైన్సు విద్యార్థులకు ఒక వారం పని. పటం అంచున ప్రతి గడి కింద రంగు పేరు ఒడియాలోనూ తెలుగులోనూ రాయాలి, నీలాల గడుల దగ్గర మాత్రం నీలిమందు అని రాసి వదిలేయకుండా, చెట్టుదా, బట్టలదా అన్నది కూడా రాయాలి.